నాలుగో పాచి

మా అమ్మకు పాచి అనే మాట ఒక్కటి చాలు. నిద్ర లేచి కడుక్కోని ముఖం పాచి ముఖం. నీళ్లు చల్లని వాకిలి పాచి వాకిలి. ఎండకు చెడిన కూర పాచిపోయిన కూర. పెరట్లో బట్టలుతికే బండ పక్కన పచ్చగా, జారుడుగా పట్టేది కూడా పాచే. ఇన్నింటికీ మాట ఒకటే కాబట్టి వైద్యం కూడా ఒకటే. కడగాలి. తెల్లవారేలోపు కడిగితే ఇంకా మంచిది.

మా ఇంటి హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టిలో నాలుగు రకాల పాచి వచ్చింది. మొదటి మూడింటినీ గుర్తుపట్టి వదిలించుకున్నాను. నాలుగోదాన్ని కూడా పాచి అనే పిలిచాను కాబట్టి, కడిగి కడిగి నేనే దాన్ని పెంచాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు తొట్టి లెక్క చెప్పాలి.

తిరుచానూరు దగ్గర ఒక లాడ్జివాళ్లు ముందు హాలు మార్చి కడుతూ, అక్కడున్న గాజు తొట్టి అక్కర్లేదనుకున్నారు. తెలిసినాయన ఒకరు కబురు చేస్తే ఆటోలో వేసుకుని తెచ్చుకున్నాను. పొడవు తొంభై సెంటీమీటర్లు, వెడల్పు నలభై ఐదు, నీళ్లు నిలిచే ఎత్తు నలభై. హెచ్చవేస్తే నూట అరవై రెండు లీటర్లు. అందులో రాళ్లు, ఇసుక వేస్తున్నప్పుడు పొర్లిపోయిన నీళ్లను బకెట్లలో పట్టి కొలిచాను. ఇరవై రెండు లీటర్లు. మిగిలింది నూట నలభై. ఆ తర్వాత నేను వేసిన ప్రతి లెక్కకూ ఆ నూట నలభయ్యే పునాది. లీటరుకు ముప్పై ఐదు గ్రాముల చొప్పున నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాముల ఉప్పు పట్టింది. ఏడాది ఊరగాయలకు సరిపడే ఉప్పు చేపల పాలు చేశానని మా ఆవిడ అంది. అది ఊరగాయ ఉప్పు కాదని, సముద్రపు నీటిలో ఉండేవన్నీ కలిపి చేసిన పొడి అని చెప్పినా ఆ మాట వదల్లేదు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. రేణిగుంట రోడ్డులో ఒక వేబ్రిడ్జిలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. లారీ ఎక్కుతుంది, తూకం చూస్తాను, ఖాళీ లారీ బరువు తీసేస్తాను, చీటీ ఇస్తాను. రోజూ పొద్దున మొదటి లారీ ఎక్కకముందు ఖాళీ ప్లాట్‌ఫారం మీద యంత్రం సున్నా చూపించాలి. సందులో ఒక రాయి ఇరుక్కున్నా, వానకు బురద పేరుకున్నా సున్నా రాదు. ఊడ్చి, కడిగి, సున్నా తెప్పించాకే పని మొదలు. పంతొమ్మిదేళ్లు ఇలా గడిపినవాడికి సున్నా అంటే శుభ్రమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

తొట్టి పెట్టిన రెండో వారంలో ఇసుక మీద గోధుమరంగు పిండి రాలినట్టు కనబడింది. అది మొదటి పాచి. కొత్త తొట్లలో వస్తుందని, నీళ్లలోని ఇసుక సారాన్ని తిని బతుకుతుందని, అది అయిపోతే తనంతట తానే పోతుందని చదివాను. అయినా రోజూ తుడిచాను. అయిదు వారాలకు పోయింది. అది తనంతట తాను పోయిందని పుస్తకాలు అంటున్నా, ఆ ఘనత నేను నా తుడుపు గుడ్డకే ఇచ్చుకున్నాను.

రెండోది ఆకుపచ్చ వెంట్రుకల్లాంటిది. రాతిని గట్టిగా పట్టుకుని అంగుళం పొడవున ఊగేది. లాగితే కుచ్చులాగా చేతికి వచ్చేది. చేపలకు మేత ఎక్కువై నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగితే వస్తుంది. పాత పళ్ల బ్రష్షుతో రుద్దాను, మేత తగ్గించాను, ఫాస్ఫేటును పీల్చే గుళికలను సంచీలో కట్టి పెట్టాను, తొమ్మిది నత్తలను తెచ్చి వదిలాను. పోయింది. మూడోది ఎర్రటి ఊదా రంగు పొర. పాల మీద మీగడలాగా అంచు పట్టుకుంటే మొత్తం లేచి వచ్చేది, వాసన వేసేది. అది అసలు మొక్కే కాదట, ఒక రకం బాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో పడుతుంది. పంపు ముఖం ఆ మూలకు తిప్పి, పొరను గొట్టంతో పీల్చేశాను. పోయింది. నోటు పుస్తకంలో పాచి ఒకటి, పాచి రెండు, పాచి మూడు అని మూడు పేజీలు పెట్టి, దేన్ని ఎలా గుర్తుపట్టాలో రాసుకున్నాను. లాగితే ఊడుతుందా, పొరలాగా లేస్తుందా, తుడిచాక ఎన్ని రోజులకు తిరిగి వస్తుంది. అంతవరకు నా లెక్క సరిగ్గానే ఉంది.

తొట్టి విషయంలో అమ్మ మొదట్లోనే రెండు షరతులు పెట్టింది. మా నాయన ఒక చిన్న గుడి మడపళ్లిలో, అంటే దేవుడికి వండే వంటింట్లో, పనిచేసి పోయినాడు. మా ఫ్రిజ్‌లో ఉల్లిపాయకే చోటు లేదు. అందుకని చేపలకు పొడి మేత తప్ప, అంగళ్లలో అమ్మే గడ్డకట్టిన రొయ్యల ముక్కలు ఇంట్లోకి రాకూడదన్నది మొదటి షరతు. రెండోది ఏకాదశి. అమ్మ ఏకాదశికి ఉపవాసం ఉంటుంది. ఇంట్లో ఉండే జీవాలు కూడా ఆ ఒక్క దినం ఉంటే నష్టమేమిటని ఆమె అడిగింది. నేను కాదనలేదు. నెలకు రెండు రోజులు మేత లేకపోతే పాచి రెండుకు అంత తిండి తగ్గుతుందని లోలోపల సంతోషించాను. మిగతా రోజుల్లో రెండు నారింజరంగు చేపలకు కలిపి పద్దెనిమిది గింజలు. లెక్క పెట్టి వేసేవాణ్ని.

ఇక అమ్మ పూలరాయి. మద్రాసులో ఉప్పునీటి చేపలు అమ్మే అంగడి నుంచి తెచ్చిన పిడికెడు రాయి అది. దాని మీద పదకొండు చిన్న పూలు ఉండేవి. నిజానికి అవి పూలు కావు, జీవాలే. చొక్కా గుండీ అంత వెడల్పు, మధ్యలో పచ్చటి చుక్క, చుట్టూ రెప్పవెంట్రుకల్లాంటి అంచు. లైటు వెలిగిన అరగంటకు విచ్చుకుంటాయి, చెయ్యి పెడితే ముడుచుకుంటాయి. అంగడివాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పారు. అమ్మ పూలరాయి అంది, మాకు అదే నిలిచిపోయింది. ఒకదాని పక్కన ఒకటి పిలక వేసుకుంటూ రెండేళ్లలో తొంభై ఒకటి అయ్యాయి. నేను ఫోటో తీసి, గళ్లు గీసి లెక్కపెట్టాను. అమ్మ ఉత్త కళ్లతో లెక్కపెట్టింది. ఇద్దరికీ తొంభై ఒకటే వచ్చింది.

కార్తీకంలో వానలు ఎడతెరిపి లేకుండా కురిసిన వారం, అమ్మ పెరట్లో ఆ బండ పక్కనున్న పాచి మీద కాలు జారి పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించాము. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి చుట్టారు. గుడ్డు పగలగొట్టేటప్పుడు అమ్మ ముఖం గోడ వైపుకు తిప్పుకుని, కట్టు పూర్తయ్యేదాకా నామాలు చదువుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో, అది గుడ్డేనా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేను వాన గురించి మాట్లాడాను.

ఆరు వారాలు కాలు నేలకు ఆనించకూడదన్నారు. శుక్రవారం తిరుచానూరుకు పోయి అమ్మవారిని చూడడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. అది ఆగిపోయింది. కుర్చీ ఎక్కడ వేయమంటావు అంటే తొట్టి ముందర వేయమంది. నాలుగో రోజుకు ఆమె ఏం చేస్తోందో నాకు అర్థమైంది. అమ్మవారి అష్టోత్తరంలో నూట ఎనిమిది నామాలు. ఒక్కో నామానికి ఒక్కో పూవును చూస్తోంది. చేత్తో పూవు వెయ్యడానికి బదులు చూపుతో వేస్తోంది. తొంభై ఒకటో నామం దగ్గర పూలు అయిపోతాయి. మిగతా పదిహేడూ కళ్లు మూసుకుని చదివేది.

"ఇంకా పదిహేడు రావాల," అంది నాతో. "ఆడికి నేను పోలేను. ఈడికి ఆమె వస్తాదేమో సూస్తాము."

నా లెక్క ప్రకారం సంక్రాంతి లోపల పదిహేడూ వస్తాయి. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. చెప్పకుండా ఉండాల్సింది.

తనను పడేసిన పాచి మీద అమ్మకు కోపం. కుర్చీలో కూర్చుని, తొట్టి మూలలో ఎక్కడ పచ్చటి మరక కనబడినా వేలు చూపించేది. నేను తుడిచేవాణ్ని. వారానికి ఒకసారి పద్నాలుగు లీటర్ల నీళ్లు మార్చేవాణ్ని, ఇప్పుడు దాన్ని రెండుసార్లు చేశాను. గుళికల సంచీలు ఒకటికి రెండు చేశాను. మూడో వారం పరీక్ష గొట్టాల్లో చుక్కలు వేసి చూస్తే, నైట్రేటుకు రంగు తిరగలేదు, ఫాస్ఫేటుకూ తిరగలేదు. రెండూ సున్నా. పుస్తకంలో రెండు సున్నాలు పక్కపక్కన రాసి, కింద గీత గీసి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి అమ్మకు చూపించాను. మంచినీళ్ల మాదిరి ఉండాదే అని ఆమె కూడా మెచ్చుకుంది.

పది రోజుల తర్వాత ఇసుక మీద గోధుమరంగు కనబడింది. పాచి ఒకటి మళ్లీ వచ్చిందనుకుని పుస్తకంలో ఒకటి వేశాను. రెండో రోజుకు అది చీమిడిలాగా సాగుతూ, తీగలు తీగలుగా పైకి లేచి, ఒక్కో తీగ కొసన ఒక్కో గాలి బుడగ నిలబెట్టుకుంది. ఒకటి కొట్టేసి మూడు వేశాను. కానీ అంచు పట్టుకుంటే పొరలాగా లేవలేదు, వేళ్ల మధ్య కరిగిపోయింది. మూడు కూడా కొట్టేశాను. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. ఇంకో వింత, లైటు వెయ్యకముందు పొద్దున్నే చూస్తే సగానికి సగం లేదు. లైటు వెలిగిన రెండు గంటలకు మళ్లీ మొత్తం ఉంది. మొక్క రాత్రి ఎక్కడికి పోతుంది? నేను తుడవడం పెంచాను. తొమ్మిది నత్తల్లో రెండు వెల్లకిలా పడి చనిపోయాయి.

పూలు ముడుచుకోవడం మొదలైంది. చీమిడి తీగ తగిలిన పూవు మూసుకుంటుంది, నాలుగు రోజులు మూసుకుని ఉంటే కరిగిపోతుంది. అమ్మ రోజూ లెక్క చెప్పేది. ఎనభై ఆరు. డెబ్బై నాలుగు. తిట్టేది కాదు, ఫలానా పూవు ఫలానా నామానిది అని చెప్పేది, అంతే. అరవై రెండు అన్న రోజు ఇంకేమీ చెప్పలేదు. నామాలు కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

మా ఆవిడ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తొట్టి జోలికి రాని మనిషి. ఆ రోజు మాత్రం ఒక సీసాలో తొట్టి నీళ్లు, కొంచెం ఆ చీమిడి పట్టి, గట్టిగా ఊపింది. పల్చటి గుడ్డలో వడగట్టి, వచ్చిన తేట నీళ్లను ఇంకో సీసాలో పోసి కిటికీ వెలుతురులో పెట్టింది. ఏమీ లేని నీళ్లు. గంట తర్వాత నన్ను పిలిచింది. సీసాలో తీగలు మళ్లీ అల్లుకుని ఉన్నాయి. విడిపోయినవి ఒకదాన్నొకటి వెతుక్కుని వచ్చి చేతులు పట్టుకున్నట్టుంది. ముక్కలు చేస్తే చచ్చే మొక్క ఇలా చెయ్యదు. మర్నాడు బడి నుంచి సూక్ష్మదర్శిని తెచ్చింది. ఒక్క చుక్క గాజు పలక మీద వేసి, చాలాసేపు చూసి, కుర్చీ నాకు వదిలింది.

"సూడండి. గుంజకు కట్టేసిన దూడ మాదిరి, ఉన్నచోటే గిర్రున తిరగతా ఉండాయి."

చూశాను. చింతగింజల్లాంటి గోధుమరంగు కణాలు, ఒక వైపు మొన తేలి, ఆ మొన దగ్గర కనబడని తాడుతో కట్టేసినట్టు తిరుగుతున్నాయి. కొన్ని తాడు తెంచుకుని ఈదుతున్నాయి. నాకు భయం వెయ్యలేదు. ఆ క్షణంలో అమ్మ పూలు కూడా గుర్తు లేవు. అవి ఒక్కో చుట్టుకు ఎంతసేపు తీసుకుంటున్నాయో గడియారం పెట్టి కొలిచాను. మా ఆవిడ పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన పాచి నాలుగు అని రాసి, పక్కనే బ్రాకెట్లో పాచి కాదు అని రాసింది. డైనోఫ్లాజెల్లేట్లు అని పాఠం చెప్పింది. ఈదుతాయి, రాత్రిళ్లు నీళ్లలోకి లేచిపోతాయి, వెలుతురుకు కూడు వండుకుంటాయి, దొరికితే ఇతర జీవాలనూ తింటాయి, కొన్నింటిలో విషం ఉంటుంది. నత్తలు ఎందుకు చచ్చాయో తెలిసింది. ఇన్నాళ్లు ఒట్టి చేతులు పెట్టినందుకు చీవాట్లు కూడా పడ్డాయి.

మద్రాసు అంగడాయనకు ఫోన్ చేశాను. ఆయనది పలమనేరు పక్క పల్లె, మన మాటే మాట్లాడతాడు. గుర్తులన్నీ విని, ఒక్క ప్రశ్న అడిగాడు.

"నైట్రేటు ఎంతుండాదన్నా?"

"సున్నా."

"ఫాస్ఫేటు?"

"అదీ సున్నానే." నా గొంతులో కొంచెం గర్వం ఉండే ఉంటుంది.

"ఎన్ని దినాలుగా బిడ్డకు కూడు పెట్టకుండా పండ్లు తోముతా ఉండావన్నా?" అన్నాడు. "సున్నా అంటే శుద్ధం గాదు. పస్తు."

తర్వాత నిదానంగా వివరించాడు. పచ్చ పాచీ, మంచి బాక్టీరియా, పూలరాయి, అన్నీ ఆ నైట్రేటు ఫాస్ఫేటుల మీదే బతుకుతాయి. ఆ రెండూ లేకపోతే అవన్నీ ఎండిపోయి చోటు ఖాళీ చేస్తాయి. ఖాళీ అయిన చోట్లోకి ఇది వస్తుంది, ఎందుకంటే ఇది ఈదగలదు, వేటాడగలదు. తుడిచే కొద్దీ దీనికి పోటీ తగ్గుతుంది. నీళ్లు మార్చవద్దు, గుళికలు తీసెయ్యి, మూడు రోజులు తొట్టికి చీకటి పెట్టు, గడ్డకట్టిన రొయ్యల మేత రోజూ వెయ్యి అన్నాడు. చివరి మాట దగ్గర నేను సరేలే అని ఫోన్ పెట్టేశాను.

నోటు పుస్తకం ముందు కూర్చుని రెండేళ్ల మేత లెక్క కట్టాను. రోజుకు పద్దెనిమిది గింజలు, నలభై ఎనిమిది ఏకాదశులు. నా చేతిరాతే, నా లెక్కే. సున్నా రావడానికి ఎన్నాళ్లుగా బాట వేసుకున్నానో వరుసగా కనబడింది. అందులో సగం అమ్మ షరతులు. నీ ఉపవాసమూ నీ మడీ కలిసి నీ పూలను చంపుతున్నాయని, కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా చెప్పను? చెప్పకుండా పని జరిగే దారి వెతికాను.

మామిడి రైతులు పూత కోసం పొటాషియం నైట్రేటు చల్లుతారు. వేబ్రిడ్జికి వచ్చే ఒక రైతు ట్రాక్టరులో ఆ సంచీ చూసి, ఒక గుప్పెడు ఇమ్మన్నాను.

"తోట యాడుండాది సామీ నీకు?"

"మా ఇంటి హాల్లో."

"ఎన్ని సెట్లు?"

"చెట్లు లేవు. నూట నలభై లీటర్లు."

ఆయన నన్ను ఒకసారి, తూకం యంత్రాన్ని ఒకసారి చూశాడు. ఈయన తూచిన తన సరుకు బరువు సరైనదేనా అన్న అనుమానం ఆ చూపులో ఉంది. గుప్పెడు కాగితంలో కట్టి ఇచ్చాడు. లీటరుకు అయిదు మిల్లీగ్రాముల నైట్రేటు కావాలంటే మొత్తం ఏడు వందలు. ఆ ఉప్పులో నైట్రేటు నూటికి అరవై ఒక్క పాళ్లు. అంటే పదకొండు వందల యాభై మిల్లీగ్రాములు, గ్రామున్నరకు తక్కువ. బడి త్రాసులో తూచి, నీళ్లలో కరిగించి, మూడు రోజులు మూడు వంతులుగా పోశాను. గొట్టంలో రంగు తిరిగింది. లెక్క నిక్కచ్చిగా వచ్చింది. ఫాస్ఫేటు మాత్రం సున్నా దగ్గరే నిలిచింది, చీమిడి చెక్కుచెదరలేదు. అమ్మ లెక్క నలభై ఏడు. నేను తప్పించుకు తిరిగిన ఆ తొమ్మిది రోజుల్లో పోయిన పూలు పదిహేను. ఆ తీసివేత కూడా పుస్తకంలో ఉంది.

ముక్కోటి ఏకాదశి ఇంకా నాలుగు రోజులు ఉందనగా, గుళికల సంచీలు తీసేసి, అంగడాయన చెప్పిన వాటిలో ఆ తర్వాతి సులువైన పని కూడా చేశాను. లైటు ఆపి, తొట్టి నాలుగు వైపులా నల్ల దుప్పటి కప్పి, అంచులకు బట్టల క్లిప్పులు పెట్టాను. అమ్మ కుర్చీ తీయమంటావా అంటే వద్దంది. కప్పిన తొట్టి ముందర కూర్చుని నామాలు చదువుకుంది. రెండో రోజు మధ్యాహ్నం, నేను పక్కన కూర్చుని ఉండగా, దుప్పటి వైపు చూస్తూనే అడిగింది.

"తెర యాల ఏసినావు?"

వెలుతురు లేకపోతే ఆ చీమిడి నీరసిస్తుందని చెప్పాను.

"తెర ఏసేది తళిగకు గదా. లోపల ఏం పెట్టినావు?"

గుళ్లో నైవేద్యం, మా వాళ్ల మాటలో తళిగ, దేవుడి ముందర పెట్టినాక తెర లాగుతారు. దేవుడు తినేదాకా ఎవరూ చూడకూడదు. మా నాయన అన్నం గంగాళం మోసుకెళ్లి లోపల పెట్టి, తెర బయటికి వచ్చి నిలబడేవాడు. అమ్మ దృష్టిలో తెర అంటే లోపల ఎవరో తింటున్నారని. చీకటి పెట్టు, తిండీ పెట్టు అన్నాడు అంగడాయన. నేను సగం చేశాను. అమ్మకు రసాయనం ఏమీ తెలియదు. తెర గురించి మాత్రం తెలుసు.

"ఏమీ పెట్టలేదమ్మా."

"తెర ఏసి పస్తు పెడతారా రా ఎవురైనా?"

అప్పుడు చెప్పాను. అంకెల దగ్గర మొదలుపెట్టాను, నాకు ధైర్యం అక్కడి నుంచే వస్తుంది కాబట్టి. సున్నాలు ఎలా వచ్చాయో, గింజలు ఎన్నో, ఏకాదశులు ఎన్నో, ఫ్రిజ్ సంగతి, మామిడి ఎరువు సంగతి, ఆగిన తొమ్మిది రోజులు, పదిహేను పూలు. నీ షరతుల వల్ల అనలేదు. ఆమెతో ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు. చాలాసేపు కట్టు కట్టిన కాలి వైపు చూసింది. వెదురు బద్దల సందుల్లో ఆకు పసరు ఎండి నల్లబడి ఉంది.

"ఎంత పెట్టాల దినానికి?"

"చిటికెన వేలి గోరంత."

"నా కాలికి గుడ్డు పూసినారు," అంది. కారులో రెండుసార్లు అడిగిన మాట, ఇప్పుడు అడగకుండానే చెప్పింది. "నేను వద్దన్యానా? నా కాలికైతే మందు, ఆ పూలకైతే మాంసమా. పెట్టు. పెరుగు గిన్నె పక్కన మాత్రం పెట్టబాక."

మా ఆవిడ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి వెతికి ఇచ్చింది. అమ్మ కాగితం ముక్క అడిగి తీసుకుని, తన చేత్తో మందు అని రాసి, డబ్బాకు అంటించమంది. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ పై అరలో, ఒక మూలన, దేన్నీ తాకకుండా ఉంది.

దుప్పటి తీసిన రోజు పూలు ముప్పై ఆరు. చీకటి వాటికీ కష్టమే. చీమిడి తీగలు పల్చబడ్డాయి గానీ పోలేదు. ముక్కోటి నాడు అమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుని, చేపలు రొయ్య ముక్కల కోసం ఎగబడుతుంటే చూసింది. వీళ్లకు ఉపాసమూ లేదు, పున్నెమూ లేదు అని నవ్వింది. పడిన తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నీళ్లు మార్చడం మానేశాను. చీమిడిని సన్నటి గొట్టంతో లాగి, గుడ్డలో వడగట్టి, అవే నీళ్లు తిరిగి పోశాను. చేతులకు గ్లౌజులు వేసుకున్నాను. నైట్రేటు ఎనిమిదికి వచ్చింది, ఫాస్ఫేటు సున్నా దాటి పాయింటు సున్నా ఆరు అయింది. ఆ అంకెను చూస్తే మొదట్లో చేతులు దురద పెట్టేవి, ఎక్కడో ఒక రాయి ఇరుక్కుని ఉందని, ఊడ్చి తీసెయ్యాలని. వేబ్రిడ్జిలో సున్నా ఏమీ ఎక్కలేదని చెబుతుంది. ఇక్కడ కూడా అదే చెప్పింది. నేనే దాన్ని శుభ్రం అని చదువుకున్నాను.

సంక్రాంతి దాటిన వారంలో చీమిడి ఇసుక మూలకు తగ్గింది. ఆ తర్వాత ఒక పొద్దున ముందు అద్దం మీద పల్చగా పచ్చటి మంచు పట్టినట్టు కనబడింది. ఇన్నాళ్లు ఒక్క నిమిషం కూడా నిలవనివ్వనిది. నత్త ఒకటి దాని మీద పాకిన చోట శుభ్రమైన గీత పడి ఉంది. పుస్తకంలో పాచి రెండు అని వేసి, పక్కన తేదీ వేసి, చాలాసేపు దాన్నే చూశాను.

అమ్మ కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడుస్తోంది, శుక్రవారాలు తిరుచానూరు ఆటో మళ్లీ వస్తోంది. అయినా పొద్దున కుర్చీ తొట్టి ముందరే. పూలు ముప్పై ఆరు ఉన్నంత కాలం లెక్క నేనే చెప్పాను: మూడు చుట్లు తిరిగితే సరిగ్గా నూట ఎనిమిది. ఆమె అలాగే చేసింది. అవి ముప్పై తొమ్మిది అయినప్పుడు నాకు ఇబ్బంది వచ్చింది. రెండు చుట్లకు డెబ్బై ఎనిమిది, మూడో చుట్టులో ముప్పై నామాలకే పని అయిపోతుంది, తొమ్మిది పూలు మిగిలిపోతాయి. యాభై నాలుగు అయ్యేదాకా మళ్లీ సరిగ్గా భాగం పోదని చెప్పాను.

"పోకుంటే ఏమి? ఈ పొద్దు యాడ ఆగినానో రేపు ఆడ మొదలు పెడతా. మిగిలినోళ్లు మిగిలినట్టే ఉండరు గదా."

అది చెప్పిన పొద్దునే, అలవాటు కొద్దీ తడి గుడ్డ తీసుకుని అద్దం మీది పచ్చ తుడవబోయాను. అమ్మ కర్ర కొస చాపి నా చెయ్యి ఆపింది.

"పూలు కనబడేంత మటుకు తుడువు. తక్కిన పాచి ఆడే ఉండనీ."

పూలరాయికి ఎదురుగా ఒక పళ్లెం అంత గుండ్రంగా తుడిచాను. చుట్టూ పచ్చగా ఉంది. ఆ గుండ్రంలో నుంచి ఆమె, నిన్న ఆగిన చోటు వేలితో వెతుక్కుని, మొదలుపెట్టింది.